దిగినవాళ్ళ వరండా

మొన్న మొన్నటిదాకా మా హోటల్‌లోకి రావాలంటే వంటింట్లోంచే రావాలి. వేరే గుమ్మం లేక కాదు. సింహద్వారమే ఉంది, కానీ అది అటువైపు. రోడ్డేమో ఇటువైపు. అమలాపురం బస్సు దిగి కొత్తగా వచ్చినవాళ్ళు పొయ్యి పక్కనుంచి, పిండి గిన్నెలు తప్పించుకుంటూ లోపలికొచ్చి, "ఇదేంటండీ, దొడ్డిగుమ్మంలోంచి వచ్చేసేమా?" అని కంగారుపడేవారు. "ఆయ్, అందరూ ఇలాగే వస్తారండి. కూర్చోండి" అనేదాన్ని. కొత్త కోడలిగా వచ్చినప్పుడు సిగ్గుపడుతూ అన్నాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళపాటు విసుక్కుంటూ అన్నాను.

ఆ హోటల్ కట్టినాయన మా వారి తాతగారు. అప్పట్లో కోనసీమకి రైలొస్తుందని అందరూ గట్టిగా నమ్మేవారట. కోటిపల్లి దాకా ఉన్న పట్టాల్ని యుద్ధం రోజుల్లో పీకేశారు, మళ్ళీ వేస్తారని, ఈసారి గోదావరి కూడా దాటిస్తారని చెప్పుకునేవారు. ఓ రోజు కొలతలవాళ్ళు గొలుసులు పట్టుకుని మా చేలల్లోకి దిగి, వరసగా రాళ్ళు పాతారు. ఆ వరస తాతగారి పొలం పక్కనుంచి పోయింది. ఇంకేముంది, ఈయన కొబ్బరితోట అమ్మేసి రాళ్ళకి ఎదురుగా హోటల్ కట్టేశారు. రైలు ఆగేది అటు కాబట్టి ముఖం అటు పెట్టారు. జనం దిగేది అటు కాబట్టి పొడుగాటి వరండా అటు కట్టించారు. ఇటువైపు అప్పటికి ఎడ్లబళ్ళు నడిచే పుంత తప్ప ఏమీ లేదు, అందుకని వంటిల్లు ఇటు పడేశారు. రైలు రాలేదు. పుంత మాత్రం కంకర రోడ్డయి, తర్వాత తారు రోడ్డయింది. బస్సులూ, అంబాజీపేట కొబ్బరికాయల లారీలూ దాని మీదే తిరిగాయి. మా హోటల్ వాటన్నిటికీ వీపు చూపించి చేలవైపు చూస్తూ కూర్చుంది.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఊరంతా నవ్విందట. పేరు మాత్రం నిలిచిపోయింది. ఇప్పటికీ బస్సు కండక్టరు "స్టేషన్ హోటల్, స్టేషన్ హోటల్ దిగేవాళ్ళు రండి" అని అరుస్తాడు. దిగి చూస్తే స్టేషనూ ఉండదు, పట్టాలూ ఉండవు.

నేను నిజంగా రైలు పక్కన పుట్టినదాన్ని. మా నాన్న సామర్లకోట దగ్గర రైల్వేలో కీమాన్. భుజాన బరువైన సుత్తి, చేతిలో జెండాలూ పట్టుకుని రోజూ పట్టాల వెంట మైళ్ళకు మైళ్ళు నడవడం, ఎక్కడైనా బిగింపు వదులైతే బిగించడం ఆయన పని. పెళ్ళిళ్ళ పేరయ్య "స్టేషన్ హోటల్ వారి సంబంధమండీ" అనేసరికి మా నాన్న మనసు సగం అక్కడే పడిపోయింది. ఇల్లు చూడ్డానికి ఆయనొక్కరే వచ్చారు. వరండాలో నుంచుని అటూ ఇటూ చూసి, "రైలేదండీ?" అని అడిగారట.

తాతగారు, "వస్తుందండి" అన్నారట. అప్పటికి ఆయనకి డెబ్బై దాటింది.

మా నాన్న కిందికి దిగి, నేల మీంచి వరండా అంచుదాకా జానలు పెట్టి కొలిచారు. "ప్లాట్‌ఫారం ఎత్తు సరిగ్గా సరిపోయిందండి" అన్నారు. "సరిపోవాలి కదండీ, ముసలాళ్ళు దిగాలంటే" అన్నారు తాతగారు. ఇద్దరూ కలిసి టిఫిను తిన్నారు. ఇంటికొచ్చి మా అమ్మతో మా నాన్న అన్న మాట నాకిప్పటికీ గుర్తు: "రైలు లేదు గానీ స్టేషన్ బావుంది. రైలు తిరిగే స్టేషన్లలో కూడా ఇంత శుభ్రం నేను చూళ్ళేదు. పిల్లనిచ్చేద్దాం." అలా నన్ను లేని రైలుకి ఎక్కించారు.

వచ్చిన మర్నాడే ఈ ఇంటి పద్ధతి తెలిసింది. మా హోటల్లో పేరున్న టిఫిను పొట్టిక్కలు. నాలుగు పనసాకుల్ని కొబ్బరి ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తాం. పనసాకు వాసన ఎక్కిన ఆ ఇడ్లీలోకి కొబ్బరిపచ్చడి ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. తెల్లవారకముందే మొదటి వాయ దిగేది. ఆ వాయలోంచి లోపల కూర్చున్నవాళ్ళకి, వాళ్ళు ఎంతటివాళ్ళయినా సరే, ఒక్కటి కూడా పెట్టకూడదు. ముందు సింహద్వారం తెరవాలి. వరండా కడగాలి. బల్ల తుడవాలి. కూజాలో నీళ్ళు నింపాలి. మొదటి వాయ అక్కడికి వెళ్ళాలి. అక్కడికి వచ్చేవాళ్ళని మా ఇంట్లో "దిగినవాళ్ళు" అంటారు. "దిగినవాళ్ళు వచ్చేరమ్మా, పచ్చడి తీసుకురా" అని మా అత్తయ్యగారు కేకేసేవారు. ఇంకో నియమం కూడా ఉంది: దిగినవాళ్ళని మీరెవరు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగకూడదు.

ఆ దిగినవాళ్ళు ఏ రైలూ దిగలేదు. చేల అవతల పేటలోంచి పాత సర్వేరాళ్ళ గట్టు మీద నడిచొచ్చే కూలివాళ్ళు వాళ్ళు. నాట్లకో కోతకో వెళ్ళేముందు మెట్లెక్కి, బల్ల మీద కూర్చుని తినేవారు. నేనొచ్చేసరికి పాతిక ముప్పై మంది ఉండేవారు. తర్వాత పేటలో పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలొచ్చాయి. చేలల్లో మిషన్లొచ్చాయి. వరండాకి వచ్చేవాళ్ళు పదిమందయ్యారు, ఐదారుగురయ్యారు. మా అత్తయ్యగారి పద్ధతి మాత్రం వీసమెత్తు మారలేదు. రోడ్డువైపు జనం గొంతుమీద కూర్చుని "ఇంకెంతసేపండీ?" అని అరుస్తుంటే, ఈవిడ మొదటి వాయ పట్టుకుని దాదాపు ఖాళీగా ఉన్న వరండాలోకి వెళ్ళేవారు. తాతగారు పట్టిన కుందేటికి మూడే కాళ్ళయితే, మనవడి పెళ్ళాం కూడా మూడే లెక్కపెట్టాలా అని నాకు ఒళ్ళు మండేది.

అందుకే ఓ పని చేశాను. వరండాలో ప్లేట్లు తియ్యడానికి, కడగడానికి మనిషి చాలడంలేదని, వరండా వరకూ కాగితం ప్లేట్లు, కాగితం గ్లాసులు పెట్టించాను. లోపల మామూలుగా స్టీలు. నా తెలివికి నేనే మురిసిపోయాను. మా అత్తయ్యగారు ఆ గ్లాసుల్ని చూసి ఏదో అనబోయి ఆగిపోయారు. వయసు మీదపడి కాస్త తగ్గారులే అనుకున్నాను.

ఇంతలో నిజంగానే రైలు పని కదిలింది. గోదావరిలో స్తంభాలు లేచాయి. మట్టి లారీలు తిరిగాయి. ఊళ్ళో మళ్ళీ ఆశ పుట్టింది. మా వారు ఆఫీసుల చుట్టూ తిరిగి, గీతలు గీసిన కాగితం చూసొచ్చారు. లైను మా పొలం పక్కనుంచి కాదు, మూడు మైళ్ళ అవతలినుంచి పోతుంది. ఇక అనుమానం లేదు. మా వరండా ముందు రైలు ఎప్పటికీ ఆగదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. హమ్మయ్య, ఇక హోటల్ని తిప్పెయ్యచ్చు. వరండా పడగొట్టి, అటువైపు పొయ్యిలూ స్టోర్‌రూమూ కట్టేసి, రోడ్డువైపు అద్దాల తలుపులు పెట్టి, ఏసీ గది వేద్దామని మా వారూ నేనూ నిర్ణయించుకున్నాం. సోమవారం నుంచి పని మొదలెట్టమని తాపీమేస్త్రికి చెప్పాం. సింహద్వారం టేకుది. మండపేటలో పాత కలప కొనేవాళ్ళు బుధవారం వచ్చి పట్టుకెళతామన్నారు.

మా అత్తయ్యగారికి చెప్పాం. "లైను అటు పోయిందా?" అన్నారు.

"పోయిందండి. కాగితం మీద చూసొచ్చేరు."

"అది ఎప్పుడో పోయిందమ్మా" అన్నారు. తర్వాత, "కూల్చేదాకా తలుపులు తియ్యనీండి" అన్నారు. అంతే. ఆ మాట అర్థం ఏమిటని నేను ఆలోచించలేదు. ఎనభై అయిదేళ్ళ మనిషి, ఏదో అంటారులే అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న టీచరుగారు వచ్చారు. పేట ఆవిడే. హెడ్మిస్ట్రెస్‌గా ఎక్కడెక్కడో చేసి, రిటైరయ్యాక తిరిగొచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఎనభై దగ్గరపడింది. ఆదివారం చర్చికి వెళ్ళేముందు తెల్లచీర కట్టుకుని, కర్ర ఊతంతో గట్టు మీద నడిచొచ్చి, వరండాలో రెండు పొట్టిక్కలు తిని టీ తాగి వెళతారు. పేటకి మంచి సిమెంటు రోడ్డుంది, ఆటోలున్నాయి. అయినా ఈవిడ బురదగట్టు మీంచే వస్తారు. అదో చాదస్తం అనుకునేదాన్ని.

నేనే టీ తీసుకెళ్ళాను. ఆవిడ గ్లాసు అందుకోలేదు. దానివైపు చూశారు. తలుపు లోంచి లోపలికి, అక్కడ బల్లల మీదున్న స్టీలు గ్లాసులవైపు చూశారు.

"లోపల స్టీలు, ఇక్కడ కాగితమూనా అమ్మా?" అన్నారు.

"కడగడానికి మనిషి లేదండి, అందుకని" అన్నాను. "ఎలాగూ రేపణ్ణించి ఈ వరండా ఉండదండి. కొట్టించేస్తున్నాం. రైలు ఇటు రాదని తేలిపోయింది కదండీ."

ఆవిడ నవ్వారు. కోపం లేదు ఆ నవ్వులో. బడిలో మొద్దు పిల్లని చూసి టీచర్లు నవ్వే నవ్వు.

"రైలు రాదని మీ తాతగారికి మొదట్లోనే తెలుసమ్మా" అన్నారు. "రాళ్ళు పాతిన దొరగారే చెప్పేరు, ఈ దారి మానేసేరని. హోటల్ కట్టిన మరుసటేడే. అప్పుడు మా నాన్న పక్కనే ఉన్నాడు. ఆ రాళ్ళు మోసింది మా నాన్నే."

నేను బల్ల చివర కూర్చుండిపోయాను. ఆవిడ చెప్పింది ఇది.

ఆ రోజుల్లో బజారు హోటళ్ళలో పేటవాళ్ళని లోపలికి రానిచ్చేవారు కాదు. చూరుకి వేలాడదీసిన వేరే గ్లాసులుండేవి. అవి వాళ్ళే తీసుకుని, పైనుంచి పోస్తే తాగి, వాళ్ళే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. ఇక్కడా అంతే, వరండా కింద నేలమీద కూర్చునేవారు. ఓ ఉదయం పెద్ద వాన. టీచరుగారికి అప్పుడు ఏడెనిమిదేళ్ళు, జ్వరంతో వాళ్ళ నాన్న భుజం మీద ఉన్నారు. ఆయన తడుస్తూ కాసేపు కిందే నుంచున్నాడు. తర్వాత మెట్లెక్కి, ఈ బల్ల మీద కూర్చున్నాడు.

"మీ తాతగారు దేవుడని చెప్పట్లేదమ్మా" అన్నారావిడ. "ఎక్కమని ఆయన పిలవలేదు. మా నాన్నే ఎక్కేడు. అది ముందు చెప్పుకోవాలి. లోపల తింటున్న పెద్దలు విస్తళ్ళు వదిలేసి లేచిపోయేరు. 'వాణ్ణి దింపుతావా లేదా?' అనడిగేరు. మీ తాతగారు పిండి చేతులతోనే గుమ్మంలో నుంచున్నారు. నాకు బాగా గుర్తు, ఆయన కాళ్ళు వణుకుతున్నాయి. అప్పుడన్నారు, 'ఇది స్టేషన్ హోటలండీ. రైలు దిగొచ్చినవాణ్ణి ఎవరు నువ్వని ఎక్కడైనా అడుగుతారా?' అని."

"వాళ్ళేమన్నారండి?"

"'రైలెక్కడుందయ్యా?' అన్నారు. 'వస్తుందండి. అలవాటు ముందునుంచీ ఉండాలి కదండీ' అన్నారీయన."

మా నాన్న అడిగినప్పుడు కూడా ఆయన ఆ మాటే అన్నారు. వస్తుందండి. ఎదుటి మనిషి రైల్వేలో పనిచేసేవాడు, నవ్విపోతాడని తెలుసు. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా రైలు రాదనీ తెలుసు. తెలిసీ ఊరందరిచేతా పిచ్చివాడనిపించుకున్నారు. రైలొస్తుందన్న మాట మీదే ఆ బల్ల నిలబడింది కాబట్టి, ఆ మాట ఒక్కరోజు కూడా కింద పెట్టలేదు.

"ఆ తర్వాత చాలా ఏళ్ళు పెద్దలెవరూ ఈ హోటల్ గడప తొక్కలేదు" అన్నారు టీచరుగారు. "మాకూ తేలిగ్గా గడవలేదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళకి పని ఇచ్చేది లేదనేవారు రైతులు. అయినా మానలేదు. మా నాన్నకి ఆకలి లేని రోజున కూడా వచ్చి కూర్చునేవాడు. ఒక్కరోజు ఖాళీ అయితే మళ్ళీ ఎక్కనివ్వరేమో అని. 'ఎక్కడికి నాన్నా?' అంటే 'స్టేషన్‌కి' అనేవాడు. నేను అందుకే గట్టు మీంచి వస్తాను. అది మేం వేసుకున్న లైనమ్మా."

ఆవిడ కాగితం గ్లాసు అందుకుని టీ తాగేశారు. తాగి, దాన్ని నలపకుండా జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. "చర్చికి టైమైంది" అని లేచారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుణ్ణనిపించింది. నాకు తల తీసేసినట్టయింది. ఏ గ్లాసుల్ని చూరునించి దించడానికి ఓ మనిషి వానలో మెట్లెక్కాడో, ఇంకో మనిషి వణుకుతూ గుమ్మంలో నుంచున్నాడో, ఆ గ్లాసుల్ని నేను డజన్లలెక్కన కొనుక్కొచ్చి మళ్ళీ పెట్టాను. కడగడానికి మనిషి లేదని.

లోపలికెళ్ళి అత్తయ్యగారి మీద విరుచుకుపడ్డాను. తప్పు నాదైనప్పుడే నాకు నోరు ఎక్కువ లేస్తుంది. "ఇన్నేళ్ళుగా ఒక్కసారైనా చెప్పకూడదాండీ నాకు?"

ఆవిడ పనసాకులు కుడుతున్నారు. చూపు సరిగా ఆనకపోయినా వేళ్ళకి లెక్క తప్పదు. "చెప్పాలంటే వాళ్ళెవరో చెప్పాలి కదమ్మా" అన్నారు. "అడక్కూడదనే కదా నియమం. మనమే చెప్పేస్తే ఇంకేముంది?"

నేను చిన్నప్పట్నుంచీ రైళ్ళు చూశాను. నేల అదిరేలా వచ్చే ఇంజన్లు చూశాను. కానీ ఆ క్షణంలో ఆ ముసలావిడ ముందు నుంచున్నప్పుడు అయిపోయినంత చిన్నదాన్ని ఎప్పుడూ అవలేదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పటినుంచీ ఆవిడ రోజూ మొదటి వాయ అటు మోశారు, కథ చెప్పకుండా. నేను చాదస్తమన్నాను.

సోమవారం మేస్త్రి గునపాలతో దిగాడు. "ఎక్కణ్ణించి కొట్టమంటారండీ?"

మా వారు వరండా చూపించబోయారు. నేను ముందుకెళ్ళి, "వంటింటి గుమ్మం మూసెయ్యి" అన్నాను. "రోడ్డు నుంచి ఈ పక్కగా వరండా దాకా బాట వేసెయ్యి, రాళ్ళు పరిచి."

మా వారు నోరు వెళ్ళబెట్టారు. "బస్సు దిగినవాళ్ళు ఇంత చుట్టూ తిరిగొచ్చి తింటారా?"

"రైలు దిగినవాళ్ళు నడవరాండీ?" అన్నాను. ముందురోజు రాత్రే ఆయనకి అంతా చెప్పాను. విన్నారు, కళ్ళు తుడుచుకున్నారు, అయినా పొద్దున్నకి మళ్ళీ ఏసీ గది గుర్తొచ్చింది. మగవాళ్ళంతే. మండపేటకి నేనే ఫోన్ చేసి తలుపులు అమ్మడంలేదని చెప్పాను. మిగిలిన కాగితం గ్లాసులన్నీ పొయ్యిలో పెట్టాను. అవి బాగా మండాయి.

బాట వారంలో పూర్తయింది. మొదటిరోజు పొద్దున్న అత్తయ్యగారు మొదటి వాయ తియ్యలేదు. గుండిగ మూత తీసి పక్కకి తప్పుకుని, నన్ను చూశారు. నేను పొట్టిక్కలు పళ్ళెంలో పెట్టుకుని సింహద్వారంలోంచి బయటికెళ్ళాను. ఆదివారం. బల్ల మీద టీచరుగారు, ఆవిడ పక్కన కొబ్బరి దింపేవాళ్ళిద్దరు, వాళ్ళ పక్కన చేలో మందు కొట్టడానికి వెళ్ళే ముసలాయన. అందరి ముందూ స్టీలు గ్లాసులు.

రోడ్డు మీద కారాపి, కొత్త బాటమీదుగా ఒకాయన వచ్చారు. ఇస్త్రీ బట్టలు, చేతికి రెండు ఉంగరాలు. మా పాత ఖాతాదారే, ఎప్పుడూ వంటింట్లోంచి వచ్చి లోపల ఫ్యాను కింద కూర్చునేవారు. "ఇంత దూరం నడిపించేస్తున్నారేంటండీ?" అని నవ్వుతూనే వచ్చి మెట్లెక్కారు. బల్లవైపు చూసి ఆగారు. నావైపు వంగి, గొంతు తగ్గించి అడిగారు. "వాళ్ళెవరండీ?"

టీచరుగారి చెవికి ఆ మాట అందింది. తల తిప్పలేదు, కానీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. గుమ్మంలో అత్తయ్యగారు నుంచుని ఉన్నారని నాకు తెలుసు. నా కాళ్ళు వణికాయి. నిజం చెబుతున్నాను, ఇంత చిన్న మాటకి కాళ్ళు వణుకుతాయని నాకప్పటిదాకా తెలీదు. తాతగారికి తెలుసు.

"దిగినవాళ్ళండి" అన్నాను, అందరికీ వినబడేలా. "తమరూ ఇప్పుడే దిగేరు కదండీ. జరుగుతారు, కూర్చోండి."

టీచరుగారు కాస్త జరిగి చోటిచ్చారు.